గడప దాటని రోజులు: పంచాయతీల కర్తవ్యము

(సికిందరాబాదున గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులయందు చేసిన ప్రసంగ పాఠము)

సర్పంచులారా, పంచాయతీ సభ్యులారా,

మనము కూడియున్న యీ సికిందరాబాదునకు అంటువ్యాధుల చరిత్రలో ప్రత్యేక స్థానము కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనినది ఇచ్చటనే. 2020 మార్చి 2వ తేదీన తెలంగాణములో తొలి కరోనా కేసు బయటపడగా, ఆ రోగికి చికిత్స జరిగినదియు ఇచ్చటి గాంధీ ఆసుపత్రిలోనే. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను అమలు జరిగెను. వ్యాధి సోకినవారు, వారితో మెలగినవారు ఇల్లు కదలక గదిలో నొంటిగా నుండవలసివచ్చెను.

ఆ దినములు గడచిపోయినవి. ఆ పాఠమును మాత్రము మనము మరువరాదు. క్షయరోగి, కాలు విరిగిన రైతు, పిల్లలు దూరదేశములకు పోగా మిగిలిన వృద్ధులు, ఇట్టివారు నేటికిని మన గ్రామములలో గడప దాటక దినములు వెళ్లబుచ్చుచున్నారు.

ఇట్లున్నవారికి ఒక పూట కాలు నిలువదు. ఏ పనియందును మనసు కుదరదు. చిన్న మాటకే విసుగుకొందురు. మరియొక పూట చెంబెడు నీళ్లు ముంచుకొనుటకైనను ఓపిక యుండదు. చూచువారు దీనిని సోమరితనమనియో, మొండితనమనియో తలంతురు. అది పొరపాటు.

కారణము వినుడు. మన శరీరములో గడియారము వంటి యేర్పాటు కలదు. ఉదయపు వెలుతురు దానిని ప్రతిదినము సరిచేయును. చీకటిగదిలో పగలెల్ల పడుకొన్నవానికి ఆ గడియారము తప్పును. రాత్రి నిద్ర రాదు. శ్రమ లేని దేహము కుదురుగా నుండదు. తెల్లవారిన పిమ్మట నిస్సత్తువ. మరల పగటి నిద్ర, మరల రాత్రి జాగరము. ఏతపు దూలము వలె మనసు లేచుచు దిగుచు నుండును.

దీనికి ఉపాయము కలదు. ప్రతిదినము ఒకే వేళకు లేవవలెను. వాకిటనో, కిటికీ యొద్దనో ఉదయపు వెలుతురులో కొంతసేపు కూర్చుండవలెను. బియ్యమేరుట, చెట్లకు నీరు పోయుట, లెక్కలు వ్రాయుట వంటి చిన్న పనులకు వేళలు నిర్ణయించుకొనవలెను. ఓపిక కలిగిన పూట అన్నియు నొక్కసారి చేయబూనరాదు. లేని పూట పూర్తిగా మానరాదు. సాయంకాలము తరువాత టీ, కాఫీలు తగ్గింపవలెను. నిద్రకై మద్యమును ఆశ్రయించుట అగ్నిలో ఆజ్యము పోయుటయే. వ్యాధినుండి కొత్తగా తేరుకొనినవారు మాత్రము విశ్రాంతి తీసికొనుచు, మెల్లమెల్లగా పని పెంచుకొనవలెను.

ఇది యింటనున్నవారి పని. ఇక మీ పని యేమి? 2020లో ఊరి పొలిమేరకు ముండ్లకంప వేసినవారును కలరు. రోగి గడపయొద్ద బియ్యము, పాలు ఉంచి, దూరము నుండి పలుకరించి వచ్చినవారును కలరు. దూరముగా నుంచవలసినది అంటును గాని మనిషిని గాదు. వార్డు సభ్యుడు తన వార్డులో నిట్లు ఇంట మిగిలినవారి పేర్లు వ్రాసికొనవలెను. ప్రతిదినము ఒకే వేళకు ఎవరో ఒకరు వాకిట నిలిచియో, ఫోనులోనో పలుకరించునట్లు ఏర్పాటు చేయవలెను. “బాగున్నారా?” అని యడిగి మరలిన చాలదు. “రాత్రి నిద్ర పట్టినదా? ఏమి తింటిరి?” అని యడుగవలెను.

నిస్సత్తువ విడువనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పరీక్ష చేయించుడు. రక్తహీనత, థైరాయిడ్ లోపము, మధుమేహము సైతము కారణములు కావచ్చును. రెండు వారములైనను దిగులు తగ్గకున్నను, నిద్ర లేకయే పలుదినములు మితిమీరిన ఉత్సాహముతో నున్నను, వైద్యునికి చూపవలెను. చావు మాట పెదవిపైకి వచ్చినవారిని క్షణమైనను ఒంటిగా విడువరాదు. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవ నంబరు 14416. పగలనక రాత్రియనక, ఉచితముగా, తెలుగులో మాటలాడవచ్చును. ఆ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు.

వీధిలో దీపము వెలుగుచున్నదా యని చూచుట మీ విధి. ఆ వీధిలో మూసిన తలుపు వెనుక మనిషి యెట్లున్నాడో విచారించుటయు మీ విధియే.