వేగము తగ్గించి చేరుట

"కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్" అను కంప్యూటరు ఆటలో రెండు వ్యోమనౌకలను జతగూర్చుటకు మేము పలు రాత్రులు యత్నించి విఫలులమైతిమి. మా కక్ష్యలోనే ముందు పోవుచున్న నౌకను అందుకొనగోరి వేగము పెంచితిమి. చిత్రము! మా నౌక పై కక్ష్య కెక్కి, ఆ దూరపు దారిలో మెల్లగా తిరుగుచు, మరింత వెనుకబడెను.

1965 జూన్‌లో జెమిని 4 నౌకను నడిపిన మెక్‌డివిట్‌కును ఇట్టి అనుభవమే కలిగినది. తమ రాకెట్టు విడిచిన భాగమును చేరబోగా ఇంధనము వ్యయమయ్యెనే గాని అది అందలేదు. ముందున్నదానిని అందుకొనవలెనన్న మొదట వేగము తగ్గించవలెను. అప్పుడు నౌక క్రింది కక్ష్యకు దిగి, దగ్గరి దారిలో త్వరగా తిరిగి, ఎడమును తగ్గించును. 1966 మార్చి 16న జెమిని 8 తొలి అనుసంధానమును సాధించినది.

చివరి కొన్ని మీటర్లలో ఓర్పే ప్రధానము. 2024 డిసెంబరు 30న శ్రీహరికోటనుండి ఎగసిన స్పేడెక్స్ జంట ఉపగ్రహములు మూడు మీటర్ల చేరువకు వచ్చియు వెనుకకు మరలినవి. 2025 జనవరి 16న కలిసికొన్నవి. ఆ వెనుకడుగు ఓటమి కాదు. అది గ్రహించిన రాత్రి మేమును సిగ్గుపడక నౌకను వెనుకకు మరల్చితిమి. మరునాటి రాత్రి, చప్పుడైన లేక, రెండు నౌకలును ఒకటైనవి.