మందునకు లొంగని సూక్ష్మజీవులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

 

పూర్వము గ్రామములలో పుండు చీముపట్టి జ్వరము వచ్చినను, బాలింతకు సూతికాజ్వరము తగిలినను, పసిబిడ్డ ఊపిరితిత్తులు వాచినను వైద్యుడు చేయగలిగినది స్వల్పము. 1928వ సంవత్సరమున లండను నగరమందు అలెగ్జాండరు ఫ్లెమింగు ఒక గాజుపళ్లెములో బూజు చుట్టును సూక్ష్మజీవులు నశించియుండుట గమనించెను. పెన్సిలినుకు అది ఆరంభము. 1943లో అమెరికాలో వాక్స్‌మను ప్రయోగశాలయందు స్ట్రెప్టోమైసిను మట్టిలోని సూక్ష్మజీవినుండి లభించెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఆరియోమైసినుకు కూడ మట్టియే పుట్టినిల్లు. దానిని కనుగొన్నవాడు బెంజమిను డగ్గరు. ఆ పరిశోధనలకు సారథ్యము వహించినవారు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ ఔషధములలో పెక్కు మట్టిలోని జీవులు తమ శత్రువులపై ప్రయోగించు విషములే. కత్తి పుట్టినచోటనే డాలును పుట్టుట సహజము. విషమును తయారుచేయు జీవి తాను ఆ విషమునకు బలికాకుండ రక్షణోపాయమును గూడ కలిగియుండవలెను గదా! కెనడాదేశపు యూకాను ప్రాంతమున ముప్పదివేల సంవత్సరములుగా గడ్డకట్టియున్న నేలను పరీక్షించి, ఇట్టి రక్షణనిచ్చు జన్యువులు అందు గలవని శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిరి. మానవుడు మందు కనిపెట్టకపూర్వమే విరుగుడు భూమిలో నున్నదన్నమాట.

ఆ విరుగుడు పలువిధములు. కొన్ని సూక్ష్మజీవులు మందును తునకలు చేయు పదార్థమును తయారుచేయును. పెన్సిలిను నిట్లు చెరుచు పదార్థమును 1940లోనే అబ్రహాము, చెయిను అను శాస్త్రజ్ఞులు వర్ణించిరి. మరికొన్ని లోనికి వచ్చిన మందును ఏతము వేసి నీరు తోడినట్లు వెలుపలికి తోడివేయును. ఇంకను కొన్ని, మందు ఏ భాగమునకు తగులవలెనో ఆ భాగముయొక్క రూపమునే మార్చుకొనును. ఈ పనులకు వలయు సూచనలు వ్రాయబడియున్న పత్రములే జన్యువులు.

ఇచట ఒక విశేషము గలదు. మనుష్యులలో గుణములు తలిదండ్రులనుండి బిడ్డలకు వచ్చును. సూక్ష్మజీవులలోనైతే ఇరుగుపొరుగులకు గూడ సంక్రమించును. ఈ గ్రంథాలయమున ఒక పుస్తకము చేతినుండి చేతికి మారినట్లు, ప్లాస్మిడులను చిన్న జన్యువలయములు ఒక జాతి జీవినుండి వేరొక జాతి జీవికి పోవును. పుస్తకమును తిరిగి ఇచ్చివేయవలెను. అచట నకలు వ్రాసి ఇచ్చి మూలమును దాచుకొందురు. జపానులో జిగట విరేచనములు కలిగించు సూక్ష్మజీవులు నాలుగు మందులకు ఒక్కమారే లొంగకపోవుట చూచి వైద్యులు విస్మయము చెందిరి. ప్రేగులలో నివసించు మామూలు జీవులనుండి ఈ శక్తి వానికి సంక్రమింపగలదని 1959లో అచటి పరిశోధకులు నిరూపించిరి.

కావున ఈ సమస్య ఆసుపత్రి గోడల మధ్యనే యుండునది కాదు. వాగులోను, చెరువులోను, పెంటకుప్పలోను గలదు. ఇందుకు దృష్టాంతము హైదరాబాదునకు సమీపముననే యున్నది. పటాన్‌చెరు ప్రాంతమున సుమారు తొంబది మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను దేశపు పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిను 31 మిల్లీగ్రాములవరకు నుండెను. ఆ మందు పుచ్చుకొను రోగి రక్తములో గూడ అంత యుండదు. ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరు దారిలోనిది. శుద్ధికేంద్రమునకు దిగువనున్న బురదలో నిరోధజన్యువులు మిక్కుటముగా నున్నవని 2011లో వెల్లడియాయెను. మందు కలిసిన నీటిలో బలహీనజీవులు చచ్చును. విరుగుడు తెలిసినవి మిగిలి పెరుగును. చేనిలో పైరు మాడి కలుపు మాత్రము నిలిచినట్లే!

పశువులకును, కోళ్లకును రోగము లేకున్నను మేతలో మందు కలుపుట మరియొక కారణము. మరే మందును పనిచేయనప్పుడు మానవులకు ఇచ్చు కొలిస్టినునకు లొంగకుండ చేయు జన్యువొకటి ప్లాస్మిడుపై ప్రయాణించుచున్నట్లు 2015లో చైనా దేశమున బయటపడెను. ఆహారమునకై పెంచు జంతువులకు ఆ మందు వాడరాదని భారత ప్రభుత్వము 2019లో నిషేధించెను. ఆ 2019వ సంవత్సరముననే ఇట్టి లొంగని సూక్ష్మజీవుల మూలమున లోకమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని అంచనా.

దేహము మందునకు అలవాటుపడినదని కొందరందురు. అది పొరపాటు. అలవాటుపడునది దేహము కాదు, సూక్ష్మజీవి. అందువలననే ఎన్నడును మందు మింగనివానికి గూడ లొంగని రోగము పొరుగువానినుండియో, నీటినుండియో రావచ్చును. ఒకని అజాగ్రత్త మరియొకని బిడ్డ ప్రాణముమీదికి వచ్చును.

చాలని మోతాదు సూక్ష్మజీవులకు మందును తట్టుకొనుట నేర్పునని ఫ్లెమింగు 1945లోనే హెచ్చరించెను. గృహస్థులు చేయవలసినది కష్టసాధ్యము కాదు. జలుబునకు ఈ మందులు పనిచేయవు, అడుగరాదు. ఎర్రగీతగల మందుపట్టీని వైద్యుని చీటి లేక కొనరాదు. వైద్యుడు చెప్పిన మోతాదు, చెప్పినన్ని దినములు పుచ్చుకొనవలెను. ఒకరికి మిగిలిన మాత్రలు మరియొకరికి ఇయ్యరాదు, చెరువులో పారవేయరాదు. పశువైద్యుని సలహా లేక కోళ్లమేతలో మందు కలుపరాదు. చేతులు కడుగుకొనుట, మరుగుదొడ్డి వాడుట, మంచినీరు త్రాగుట, టీకాలు వేయించుట రోగమునే రాకుండ చేయును. రోగము లేనిచోట మందుతో పనియే లేదు.

అయితే గృహస్థుల జాగ్రత్త యొక్కటే చాలదు. కర్మాగారముల మురుగు వాగులో కలియకుండ చూచుట ప్రభుత్వపు విధి; అట్లు చూడుమని అడుగుట ప్రజల విధి. అడుగుటకు తెలివి కావలెను. తెలివికి చదువు కావలెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము దీపము వెలిగించి కూర్చున్నది అందులకే. సూక్ష్మజీవులు తమకు తెలిసినది దాచుకొనక పొరుగువానికి అందించుచుండగా, మనుష్యులు తాము తెలిసికొన్నది తమలోనే దాచుకొనుట తగునా? ఇచట వినిన మాట ఇంటికిపోయి ఒక్కరికైనను చెప్పినచో ఈ సభ సార్థకమగును.