సినిమాలో నవ్వు, పీఠికలో జాబితా

(పుంగనూరు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పి. పుల్లయ్య గారి దర్శకత్వంలో ‘కన్యాశుల్కం’ సినిమా 1955లో వచ్చింది. కొన్నేళ్లకు మన ఊరి టెంటులో ఆడినప్పుడు నేల మీద కూర్చుని చూశాను. రామారావు గారి గిరీశం, సావిత్రి గారి మధురవాణి! తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. పుస్తకం మాత్రం రిటైరయ్యాకే తెరిచాను. ఫైళ్లు చదివి చదివి అప్పటిదాకా అక్షరమంటే వెగటు.

మొదట్లో కష్టపడ్డాను. విజయనగరం మాట మన సీమవాళ్లకు ఒక పట్టాన అందదు. ఇంటావిడకు పైకి చదివి వినిపిస్తే దారిలో పడింది. అది చెవి కోసం రాసింది మరి. 1892లోనే విజయనగరంలో ఆడారు. గురజాడ వారు 1909లో తిరగరాసి పెంచిన నాటకం ఒక్క రాత్రిలో ముగిసేది కాదు. సినిమావాళ్లు తగ్గించక ఏం చేస్తారు?

నన్ను పట్టి ఆపింది పీఠిక. 1897 నాటి తొలి కూర్పుకు ఇంగ్లీషులో రాశారు. విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన శుల్కపు పెళ్లిళ్లకు విజయనగరం మహారాజా వారు జాబితా తయారు చేయించారట. మొత్తం 1,034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాది పిల్లలు 3. ఆ పసికందుల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం వెనకాడారు గనుక జాబితా పూర్తిది కాదని కూడా రాశారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా స్టేట్‌మెంట్లు రాసినవాణ్ణి. కాలమ్‌లో అంకె వేసేటప్పుడు మనం మనిషిని తలచుకోము. కానీ వయస్సు అన్నచోట ‘1’ అని వేసిన ఆ గుమాస్తా కాసేపైనా కలం ఆపి ఉంటాడు.

మా నాయనకు మేనత్త ఒకామె మా ఇంట్లోనే ఉండేది. ఎనిమిదో ఏట పెళ్లి, పదో ఏట వైధవ్యం. శుల్కం పుచ్చుకున్నారా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. టెంటులో సినిమా చూసొచ్చి నేను గిరీశంలా నడిచి చూపిస్తే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి, “ఆ బుచ్చమ్మ ఏమైందిరా?” అంది. ఏం చెప్పానో జ్ఞాపకం లేదు. పుస్తకంలో బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతారు. ఆ పేజీకి వచ్చేసరికి ఆమె పోయి చాలా ఏళ్లయింది.

పుస్తకం నా దగ్గరుంది, అక్షరాలు కాస్త పెద్దవే. కావలసినవారు తీసుకుపోవచ్చు. పీఠిక వదిలిపెట్టకుండా చదవండి.