ఉక్కు వంతెనకు మిగిలిన ఆయుష్షు

(మదనపల్లె సభలో చేసిన ప్రసంగ పాఠం)



మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో ఇంజనీర్ల ఆఫీసుల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. లెక్కలు వారు కట్టేవారు, రిజిస్టర్లు మేము రాసేవాళ్లం. కనుక ఈ విషయం గుమాస్తా భాషలోనే చెబుతాను. ఇంజనీరు మిత్రులు మన్నించాలి.

మన ప్రాంతపు ఏర్లు చిన్నవి. బాహుదా మీదైనా మరో వంక మీదైనా రోడ్డు వంతెనలు దాదాపు అన్నీ రాతివో కాంక్రీటువో. ఉక్కు వంతెన చూడాలంటే రాజమండ్రి వెళ్లాలి. అక్కడ గోదావరి మీద 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 1997లో రిటైరయింది. 97 ఏళ్ల సర్వీసు! మనలో ఎవరికీ అంత లేదు. కింద రైలు, పైన రోడ్డు ఉన్న రెండో వంతెన 1974 నుంచి పనిచేస్తోంది. 2023లో మరమ్మతులకని దాని రోడ్డు కొన్నాళ్లు మూశారు. ఆ వార్త చదివి మా అల్లుడు, "ఇది ఇంకా ఎన్నేళ్లుంటుంది మామయ్యా?" అని అడిగాడు.

వయసు చూసి జవాబు చెప్పలేం. ఉక్కుకు ఫెటీగ్ అనే జబ్బుంది. మనం అలసట అందాం. పాత గొడుగు కమ్మీని ఒక్కసారి వంచితే విరగదు. అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక వంపుకు పుటుక్కుమంటుంది. లారీ ఎక్కితే దూలం రవ్వంత వంగుతుంది, దిగితే లేస్తుంది. రివెట్టు రంధ్రం దగ్గరో వెల్డింగు అతుకు దగ్గరో వెంట్రుకంత పగులు పుట్టి పెరుగుతుంది. 19వ శతాబ్దంలో జర్మనీలో రైలు ఇరుసులు ఇలాగే విరుగుతుంటే, వోలర్ అనే ఇంజనీరు ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, ఎంత ఒత్తిడికి ఎన్ని విడతలు ఓర్చుకుంటాయో తేల్చాడు.

ఇక లెక్క. ఇది మన లీవు అకౌంటు వంటిదే. ఒక ఒత్తిడికి 20 లక్షల విడతలు ఓర్చే అతుకు 5 లక్షలు వాడుకుంటే నాలుగో వంతు ఖర్చు. రకరకాల బరువులకు ఇలా వచ్చిన వంతులన్నీ కూడితే ఒకటి దాటకూడదు. 1945 నాటి ఈ పద్ధతిని మైనర్ సూత్రం అంటారు. లీవుకైతే ఏటా కొత్త జమ పడుతుంది. దీనికి పడదు.

స్కూటర్లు, కార్లు ఎన్ని పోయినా ఈ ఖాతాలో ఖర్చు లేనట్టే. ఖర్చంతా బరువు లారీలదే. వెల్డింగు అతుకుల్లో ఒత్తిడి రెట్టింపయితే నష్టం సుమారు 8 రెట్లు. అంటే 25 శాతం అదనపు బరువుతో పోయే ఒక్క లారీ దాదాపు రెండు లారీల నష్టం చేస్తుంది. కుప్పం వైపు గ్రానైటు దిమ్మెల లారీలను, మన టమోటా లారీలను తలచుకోండి. 2018లో నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని కేంద్రం 10.2 టన్నుల నుంచి 11.5కు పెంచింది. నిండు బరువుతో పోతే, ఇరుసు భారం నేరుగా పడే చోట నష్టం 40 శాతం పైగా పెరుగుతుంది, అదీ చట్టబద్ధంగానే!

అయితే గడిచిన ఏళ్లలో ఏ బరువుతో ఎన్ని లారీలు పోయాయో రాసిపెట్టినవారెవరు? రాత లేకపోతే నేటి లెక్క నుంచి వెనక్కు ఊహించాలి. దూలాలకు కొలత పట్టీలు అంటించి అసలు ఒత్తిడి కొలిస్తే, చాలాసార్లు కాగితం మీది లెక్క కన్నా తక్కువే తేలుతుంది, ఆయుష్షు కలిసివస్తుంది. నేను చేసిన ఒకచోట తనిఖీ రిజిస్టరులో వరసగా పదకొండేళ్లు "బాగున్నది" అనే ఒకే మాట, ఒకే చేతిరాత. దాని మీద ఎవరైనా ఏం లెక్క కడతారు?

అమెరికాలో ఒహాయో నది మీద 1928లో కట్టిన సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబరు 15 సాయంత్రం రద్దీ వేళ కూలి 46 మంది పోయారు. ఒక కమ్మీ కంటిలో, కంటికి ఆనని చోట, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పగులు! తుప్పూ ఒత్తిడీ కలిసి పెంచాయి. ఆ కమ్మీ తెగితే ఆదుకునే ఆసరా ఆ కట్టుబడిలో లేదు. వంతెనల తనిఖీకి జాతీయ నియమాలు అక్కడ ఆ తరవాతనే వచ్చాయి.

మన కాంక్రీటు వంతెనలకు అలసట కన్నా పునాది కోత, లోపలి చువ్వల తుప్పు పెద్ద శత్రువులు. అయినా కావలసింది అదే రిజిస్టరు. బతికి ఉన్నామని మనం ఏటా సర్టిఫికెట్ ఇస్తున్నాం. వంతెన తనంతట తాను ఇచ్చుకోలేదు, ఎవరో ఒకరు కిందికి దిగి చూడాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం రోడ్ల మీది వంతెనలను చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, లారీల లెక్క ఎప్పుడు తీశారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుతూ అర్జీ రాసి తెచ్చాను. సంతకాలకు ఆ బల్ల మీద ఉంచాను. కళ్లజోడు మరిచి వచ్చినవారికి నేనే చదివి వినిపిస్తాను.