'ప్రావో': ఒక పోలిష్ పదము

పోలండు దేశీయులు న్యాయశాసనమును 'ప్రావో' యందురు. తిన్ననిది, సూటియైనది యను నర్థముగల ప్రాచీన స్లావు విశేషణమునుండి పుట్టిన యీ మాటకు శాసనమనియు, మనుజునకు గల హక్కనియు రెండర్థములు గలవు. దాని మూలమును మఱింత వెనుకకు వెదకిన భాషావేత్తలు, మన సంస్కృతమందలి 'ప్ర' యను నుపసర్గమునకు బంధువైన, ముందునకు అను భావముగల యొక ప్రాచీన రూపమును చూపుదురు. శాసించు రాజ్యమును, హక్కునడుగు పౌరునిని ఒకే పదమున నిముడ్చుకొనుట నాకు మిక్కిలి యుదాత్తముగ తోచును. కుడివైపు తిరుగుమనుటకును ఆ దేశమున నీ మాటయే. సత్యమను నర్థముగల 'ప్రావ్దా', వ్యాజ్యమను నర్థముగల 'స్ప్రావా' దీని కుటుంబములోనివే.

అదే స్లావు భాషాకుటుంబమునకు చెందిన రష్యనులు చట్టమును 'జకోన్' అనుచుండగా, పోలండులో నదే మాట సన్న్యాసుల మఠసంఘమునకు చెల్లుచున్నది.

చట్టసభ చేయు నొక్కొక్క చట్టమును మాత్రము పోలండువారు 'ప్రావో' యనక, నెలకొల్పుట యను క్రియనుండి వచ్చిన 'ఉస్తావా' యను పేరున పిలుతురు. 1791 మే 3వ తేదీన వార్సాలో నంగీకరింపబడిన సుప్రసిద్ధ రాజ్యాంగమునకు నాటివారిడిన పేరు 'ఉస్తావా జొందోవా', అనగా ప్రభుత్వ శాసనము.