ఆయాసరోగిని నిపుణునికడకు పంపునప్పుడు
(సంఘసభలో చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను గాను, వర్తకుడను. అయినను అర్ధరాత్రి ఎవరికైన ఊపిరాడనిచో బండికొరకు జనులు తట్టునది మన దుకాణముల తలుపులే. కావున మనమందరము ఎరిగియుండవలసిన నాలుగు మాటలు మనవిచేయుదును.

మన సిరొంచ ప్రాణహిత యొడ్డున, రాష్ట్రపు కొసను ఉన్నది. 1982లో ఏర్పడిన గడ్చిరోలి జిల్లాకు ముఖ్యపట్టణము ఇచటికి సుమారు 200 కిలోమీటర్లు. ప్రాణహితపైనను, కాళేశ్వరమువద్ద గోదావరిపైనను వంతెనలు వచ్చిన పిదప మంచిర్యాల, వరంగల్లు దగ్గరైనవి. అందుచే ఆయాసము రాగానే "నది దాటించుడు" అనుట వాడుకయైనది. ఈ తొందరలోనే అపాయమున్నది.

ఊపిరితిత్తుల నిపుణుడు కావలసినవాడే. కాని అతనికడకు రోగి ప్రాణముతో చేరవలెను గదా! కనుక మొదటి మెట్టు మన గ్రామీణ ఆసుపత్రి. అచట ఆక్సిజన్ పెట్టించి, వైద్యుడు చెప్పిన మందు పడినపిదపనే ప్రయాణము. ఆయాసము గుండెజబ్బువలనను రావచ్చును. ఎవరికడకు పంపవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

రోగి వాక్యము పూర్తిచేయలేకపోవుట, పెదవులు నీలమగుట, మగతగా నుండుట, పెద్దవారిలో శ్వాస నిమిషమునకు 30 మించుట, ఆక్సీమీటరు 90కి దిగువ చూపుట: వీనిలో ఏ యొక్కటి కన్పించినను తెల్లవారువరకు ఆగరాదు. 108కి ఫోను చేయవలెను. రోగిని వెల్లకిల పరుండబెట్టక, కూర్చుండబెట్టి తీసికొనిపోవలెను.

బండి కదలకముందే ఆక్సిజన్ లెక్క చూడవలెను. 1,500 లీటర్ల నిండు సిలిండరు నిమిషమునకు 5 లీటర్ల చొప్పున 5 గంటలు వచ్చును. 10 లీటర్ల చొప్పున రెండున్నర గంటలే. సగము ఖాళీయైనచో కాలమును సగమే. దారి పట్టు కాలముకంటె ఎక్కువ నిలువ ఉండవలెను.

బిల్లు లేని సరుకును మనము లారీ కెక్కింపము. చీటీ లేని రోగిని మాత్రము ఎట్లు పంపుదుము? ఆయాసమెప్పుడు మొదలైనది, ఏ మందు ఎంత, ఏ గంటకు ఇచ్చినారు, ఆక్సిజన్ ఎంత యున్నది వ్రాయించుకొని, ఎక్స్‌రే తీసినచో దానినిగూడ వెంట నుంచవలెను. మన ఇండ్లలో తెలుగు, కచేరీ కాగితములలో మరాఠీ. నది కావలి వైద్యుడు మరాఠీ చదువలేకపోవచ్చును. చీటీ ఇంగ్లీషులో అడుగుడు. అక్కడి ఆసుపత్రికి ముందుగా ఫోను చేయింపుడు.

ఖర్చు సంగతి. ఆరోగ్యశ్రీ తెలంగాణమువారికి ఉద్దేశింపబడినది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు, అర్హులకు, ఆ పథకములో చేరిన ఆసుపత్రులలో పరరాష్ట్రమునందును చెల్లును. జబ్బు రాకముందే దానిని తీసికొనుడు. అత్యవసర రోగికి ప్రాణము నిలుపు చికిత్స చేయుట ప్రతి వైద్యుని ధర్మమని 1989లో సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో తీర్పు చెప్పినది. ఈ మాట వినయముగనే గుర్తుచేయవచ్చును.

నా ప్రార్థన యొక్కటి. ప్రతి వాడలో ఇద్దరు యువకులు ఈ ఫోను నంబర్లు వ్రాసియుంచుకొని, చదువురాని కుటుంబమునకు తోడుగా బండి యెక్కవలెను. రోగిని పంపుటయనగా చేతులు దులుపుకొనుట కాదు. ఒక చేతినుండి మరియొక చేతికి భద్రముగా అప్పగించుట.