“అంతా నా వల్లే” అంటుంటే ఏం చేయాలి?



కౌన్సెలింగుకు వస్తున్న మీ ఇంటివారు “అంతా నా వల్లే” అని కుమిలిపోతున్నారా? తప్పు చేసినప్పుడు బాధ కలగటం మంచిదే. క్షమాపణ అడిగితే, నష్టం సరిదిద్దితే ఆ బాధ తగ్గుతుంది. కాని చేయని తప్పుకు కూడా తనను తానే నిందించుకోవటం డిప్రెషన్ జబ్బు లక్షణాల్లో ఒకటి.

“పరువు తీశావు” అనకండి. “ఊరుకో, అదేం లేదు” అని మాట తుంచేయకండి. పక్కన కూర్చుని వినండి. “ఇందులో నీ చేతిలో ఉన్నదెంత?” అని నెమ్మదిగా అడగండి. పంట పోయిన రైతు అప్పు చేసి ఉండవచ్చు, వాన రాకపోవటం ఆయన తప్పు కాదు కదా! చికిత్సలోనూ ఇలాగే విడదీసి చూపిస్తారు.

లోపల ఏం చెప్పారని గుచ్చి గుచ్చి అడగకండి. ఆ గోప్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చిన హక్కు.

చనిపోతానంటే బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు అందకుండా దాచి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అర్ధరాత్రయినా 14416 టెలీ మానస్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మందులు మేము ఇస్తాం. “నువ్వు మాకు కావాలి” అనే మాట మాత్రం మీరే చెప్పాలి.